పెంట పెద్దమనిషిని ఎలా కొలవాలి?

హైమండార్ఫ్ చెంచుల మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం 1943లో అచ్చయింది. అమ్రాబాదు పెంటల జీవితం తెలుసుకోవాలంటే ఇప్పటికీ అదే దిక్కు. పెద్దమనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన కొలత నాకు నచ్చలేదు. పెద్దమనిషికి గట్టి అధికారం లేదంటాడు. నిజమే, లేదు. తగువు ముదిరితే ఒక కుటుంబం ఇంకో పెంటకు పోతుంది, శిక్షతో పనేముంది? పెద్దల పని జ్ఞాపకం. ఏ ఇంటిపేరువాళ్లు ఏ ఇంటిపేరుతో వియ్యమందొచ్చు, ఏ చరియ తేనె ఎవరిది, ఏ వాగు దాకా ఎవరి అడవి అన్నది వాళ్ల నోట్లోనే ఉంది. రాజ్యం కోసం వెతికితే ఇది కనబడదు.

2006 అటవీ హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. హక్కుదారు కాని పెద్దల మాటను రాసి పెడితే అది సాక్ష్యమేనని 13వ నిబంధన. అయినా మనవాళ్లను ముందు అడిగేది కాగితాలే. పులుల అడవిలోంచి పెంటలను తరలించే మాట నడుస్తుండగా ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్ల మాట రాయడానికి హైమండార్ఫ్ మళ్లీ రానక్కర్లేదు, మన బడిలో ఏడో తరగతి పిల్ల చాలు.