తురక ముక్కు – ఇంగ్లీషు పాఠం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఈ మూడూళ్లలో ఏ కాలేజీలో అడుగుపెట్టినా మా పేరు విన్నవాళ్లు మొదట అడిగేది ఒకటే. ‘ఉర్దూ సారా?’ కాదు, ఇంగ్లీషు అంటే ఒక క్షణం నమ్మరు. సాయిబు పేరుకీ ఉర్దూకీ ఎప్పుడో నిఖా చేసేశారు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల వాళ్లకూ ఇది తప్పదు. హనుమాజీపేట బిడ్డ సి. నారాయణరెడ్డి సిరిసిల్లలో, కరీంనగర్‌లో చదివింది ఉర్దూ మీడియమే. తెలుగు కవిగా 1988 జ్ఞానపీఠం పొందారు. ఆయన ఉర్దూ ఆయనకు నగ. మా ఉర్దూ మాకు నొసటి ముద్ర.

పోనీ, ఇంగ్లీషు ఎవరి మతమూ లేని భాష, అందరికీ సమానం అనే మాట స్టాఫ్‌రూముల్లో బాగా చెల్లుతుంది. దాన్ని పాఠం ముందు నిలబెట్టి చూద్దాం.

‘మాక్బెత్’ నాలుగో అంకం. మంత్రగత్తెలు బాన మరగబెడుతుంటారు. కప్ప, పాము, గబ్బిలాల వరసలోనే ఒక యూదుడి కాలేయం, ఒక టర్కు ముక్కు, ఒక తార్తారు పెదవులు అందులో పడతాయి. బాప్తిజం లేని శరీరాలు కాబట్టి మంత్రానికి పనికొస్తాయని లెక్క. ఆనాటి లండన్ ప్రేక్షకుడికి టర్కు అంటే ఒట్టోమన్ సుల్తాను. జగిత్యాల క్లాసులో టర్కును తెలుగు చేస్తే వచ్చేది ‘తురక’. నాలుగు వందల ఏళ్లు, ఏడు సముద్రాలు దాటి ఆ మాట నేరుగా మా మీదికే వస్తుంది. వెనక బెంచీలో కిసుక్కున నవ్వు. ముందు బెంచీలో బురఖా పిల్ల తల పుస్తకంలోకి దిగిపోతుంది. ‘అసహ్యమైన వస్తువులు’ అని రెండు ముక్కల్లో అర్థం చెప్పి దాటేయడాన్నే నిష్పాక్షిక బోధన అంటున్నారు!

‘ఒథెల్లో’ సంగతి ఇంకా లోతు. వెనిస్ తరఫున టర్కుల మీదికి వెళ్లిన నల్ల సేనాని అతను. చచ్చిపోయే ముందు, అలెప్పోలో సుంతీ అయిన ఒక టర్కును తను ఎట్లా పొడిచాడో చెప్పి, అట్లాగే తనను పొడుచుకుంటాడు. దీన్ని అసూయ నాటకమని పరీక్షల్లో రాయిస్తాం. మాకు మాత్రం అందులో నిరంతర విధేయతా పరీక్ష కనిపిస్తుంది. రాజ్యానికి సేవ చేశానని ఆఖరి ఊపిరిలోనూ రుజువు చూపాలి. ఆ రుజువు తనలోని పరాయివాణ్ని తనే చంపుకోవడం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ చదివినవాళ్లకు ఈ సీను కొత్తగా విప్పి చెప్పనక్కర్లేదు. షేక్స్పియర్‌ని సిలబస్‌లోంచి తీసెయ్యమని మేం అనడం లేదు. ఈ గాయాన్ని ఇంత స్పష్టంగా చూపింది ఆయనే. చూడకుండా చదివించడంతోనే మా పేచీ.

ఫార్‌స్టర్ ‘ఎ పాసేజ్ టు ఇండియా’ (1924) తీసుకోండి. తూర్పూ పడమరల కథ అని చెప్పేస్తాం. అబద్ధపు నింద మీద కోర్టుకెక్కిన డాక్టర్ అజీజ్ ముస్లిం అన్నది పక్కకు పోతుంది. ఆ నవల అంకితం సర్ సయ్యద్ మనవడు రాస్ మసూద్‌కి. ఇంగ్లండులో ఫార్‌స్టర్ దగ్గర లాటిన్ నేర్చుకున్న ఆ మసూదే, 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా మొదలైనప్పుడు నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టర్. అప్పుడు మా మూడూళ్లూ ఆ రాజ్యంలోవే. ఇంత దగ్గరి చుట్టాన్ని పరాయివాడిగా పరిచయం చేస్తున్నాం.

మా పిల్లల ఇంగ్లీషు అవసరం వేరే. అబ్బా దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. అమ్మీ బీడీలు చుడుతుంది. సిరిసిల్లలో సాంచాల చప్పుడులో చదువుకునే పద్మశాలి పిల్లలదీ ఇదే బతుకు. వాళ్లకు ముందు కావలసింది వీసా కాగితంలో ఏం రాసుందో తెలియడం. కఫీల్ ఎవరు, పాస్‌పోర్ట్ ఎవరి చేతిలో ఉంటుంది, జీతం ఎంత... అదీ సాహిత్య విమర్శలాంటి చదువే.

మాక్బెత్ పక్కన రొకేయా ‘సుల్తానాస్ డ్రీమ్’ పెట్టాలి. 1905లో ఒక బెంగాలీ ముస్లిం స్త్రీ ఇంగ్లీషులో రాసింది, మద్రాసు పత్రికలో అచ్చయింది. అందులో మగాళ్లే పర్దాలో ఉంటారు, వంటా పిల్లల పనీ చూసుకుంటారు. అది చెప్పిన రోజు క్లాసు విరగబడి నవ్వింది. ఆ నవ్వు వేరు. కోరుట్ల పిల్ల ఒకతి మాత్రం ‘ఆ ఊర్ల బీడీలు ఎవరు చుడ్తరు సార్?’ అంది. రొకేయా జమీందారీ ఇంటి బిడ్డ అని, కూలి మాట ఆ కథలో ఎక్కడుందో వెతుకుదామని చెప్పి, ఆ ప్రశ్ననే తర్వాతి పాఠానికి పెట్టుకున్నాం.