ఆదివారపు రాణులు

“ఫిలిప్పీన్స్ సినిమా బతికితే మనకేమిటి, చస్తే మనకేమిటి వదినా?” అంది మా ఆడపడుచు, కాఫీ గ్లాసు కింద పెడుతూ. నిజమే! మన సినిమాల గోల మనకు చాలదూ? అయినా ‘సండే బ్యూటీ క్వీన్’ చూసిన దగ్గర్నుంచీ నాకు ఆ ధ్యాస వదలటం లేదు.

ఇది కథాచిత్రం కాదు, డాక్యుమెంటరీ. బేబీ రూత్ విల్లారామా అనే ఆవిడ తీసింది. హాంకాంగ్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు వారమంతా ఎవరి పిల్లలనో సాకి, ఎవరి అంట్లో తోమి, సెలవు దొరికే ఆ ఒక్క ఆదివారం నాడు అందాల పోటీ జరుపుకుంటారు. వచ్చిన డబ్బు కష్టంలో వున్న తోటివాళ్ళకు వాడతారు. పని పోతే రెండు వారాల్లో దేశం విడిచి పోవాలని అక్కడి నిబంధన. కిరీటం తీసేస్తే మళ్ళీ చీపురే.

దర్శకురాలు మనచేత కన్నీళ్ళు పెట్టించాలని తాపత్రయపడలేదు. అదే నాకు నచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, లోపమూ వుంది. నలుగురైదుగురి కథలు కలిపి అల్లడంవల్ల, ఒకరి దగ్గర కాసేపు కూర్చుందామనుకునే లోపల ఇంకొకరి దగ్గరికి లాక్కుపోతుంది.

మనీలాలో 1975 నుంచీ ఒక ఉత్సవం జరుగుతోంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా హాళ్ళలో స్వదేశీ చిత్రాలే ఆడాలి. 2016లో ఎంపికచేసినవాళ్ళు కాస్త ధైర్యం చేసి, పెద్ద తారల హాస్యచిత్రాలను పక్కనపెట్టి, మంచివనుకున్న వాటికి చోటిచ్చారు. ఉత్తమ చిత్రం బహుమతి ఈ పనివాళ్ళ సినిమాకే వచ్చింది. కానీ ఉత్సవం వసూళ్ళు అంతకు ముందటేడుకన్నా బాగా తగ్గాయి. మరుసటి ఏడు పాత తారలంతా తిరిగి వచ్చేశారు!

ఆ దేశానికి మంచి సినిమా కొత్తేమీ కాదు. లీనో బ్రోకా ‘ఇన్సియాంగ్’ 1978లోనే కాన్ ఉత్సవానికి వెళ్ళింది. 1982లో ఇష్మాయిల్ బెర్నాల్ ‘హిమాలా’ తీశాడు. కరువు పట్టిన పల్లెలో మేరీమాత తనకు కనిపించిందని చెప్పే పిల్లగా నోరా అవునోర్ నటించింది. చిన్నప్పుడు రైలు స్టేషన్లో మంచినీళ్ళు అమ్మిన చామనచాయ పిల్ల, తెల్లతోలు తారల మధ్య మహానటి అయింది. 2025లో ఆవిడ పోయేనాటికీ జనం ఆ సినిమాను మరవలేదు.

“మనవాళ్ళ సినిమా కాబట్టి చూడండి” అంటే మాత్రం నేనొప్పుకోను. మన పెరటిదే కదా అని పుచ్చు వంకాయ వండిపెడితే ఇంట్లో ఎవరు తింటారు? అక్కడ ప్రభుత్వం మంచి చిత్రాలకు గ్రేడు ఇచ్చి పన్ను తిరిగి ఇచ్చేది. ‘ఎ’ వస్తే వినోదపు పన్నంతా, ‘బి’ వస్తే 65 శాతం. బాగానే వుంది. కానీ కొనేవాళ్ళు వచ్చేలోపలే గంప ఎత్తేస్తే లేత వంకాయ మాత్రం ఏం చేస్తుంది? 2015లో ‘హెనెరల్ లూనా’కి మొదటివారం దాటేసరికి హాళ్ళు తగ్గించేశారు. చూసినవాళ్ళు ఆ నోటా ఈ నోటా చెప్పుకోగా, మళ్ళీ హాళ్ళు పెంచక తప్పలేదు. మంచి సినిమాకు కావలసింది మన జాలి కాదు, హాల్లో ఇంకో వారం గడువు. ఆ వారంలో చూసినవాళ్ళు పక్కింటివాళ్ళకు చెప్పాలి.

ఇంతకీ మా ఆడపడుచు ప్రశ్న మిగిలిపోయింది. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆవిడ చెల్లెలు కువైట్‌లో వంటపని చేస్తుంది. గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ అలా వెళ్ళినవాళ్ళు ఎందరో! సెలవుమీద వచ్చినప్పుడల్లా “జీతమెంత? బంగారమేం తెచ్చావు?” అనే అడిగేదాన్ని. “సెలవిస్తారా? ఆరోజు ఏం చేస్తావు?” అని ఏనాడూ అడగలేదు.

మొన్న అడిగాను. ఆ పిల్ల గుమ్మంలోనే కూర్చుని, చీకటిపడేదాకా చెప్పింది.