కిశోర్ కత్తెర

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు విడిచే వేళ ఇస్నాపూర్ వైపు నడిస్తే ఒడియా, హిందీ, బెంగాలీ చెవిన పడతాయి. పొట్ట చేతబట్టుకుని వచ్చిన ఆ పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు 'విసారణై' సినిమా గుర్తొస్తుంది.

కోయంబత్తూరు ఆటోడ్రైవర్ ఎం. చంద్రకుమార్ 1983లో పని కోసం గుంటూరు వచ్చి, చేయని నేరానికి పోలీసు దెబ్బలు తిన్నారు. ఆ అనుభవాన్నే 'లాకప్' పేరుతో పుస్తకంగా రాశారు. దాని ఆధారంగా వెట్రిమారన్ తీసిన ఆ తమిళ సినిమా 2015లో వెనిస్ చిత్రోత్సవానికి వెళ్లింది, 2016 ఫిబ్రవరిలో విడుదలైంది.

అందరూ దర్శకుణ్ణి మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. నేను మాత్రం ఎడిటర్ టి.ఇ. కిశోర్‌కు ముందు దండం పెడతాను. ఎడిటింగంటే అక్కర్లేనిది కోసేయడమేనని చాలామంది అనుకుంటారు. ఎంతసేపు ఉంచాలో తెలియడమే అసలు విద్య. సినిమాలో పోలీసు తెలుగులో గద్దిస్తాడు, తమిళ కుర్రాడికి ముక్క అర్థం కాదు. ఆ బిక్కమొహం మీద షాట్ కాస్త ముందే తెగితే కథ తెలుస్తుంది, అంతే. ఇంకో క్షణం నిలిచిందా, మన గొంతు ఎండిపోతుంది. పుస్తకంలో లేని రెండో సగంలో కథ దారే మారిపోతుంది. అయినా అతుకు కనపడదు.

ఈ సినిమా పనిలో ఉండగానే కుప్పకూలి, 2015 మార్చిలో కిశోర్ కన్నుమూశారు. 36 ఏళ్లు. ఈ సినిమాకు జాతీయ ఉత్తమ ఎడిటర్ అవార్డు ఆయన పోయాక వచ్చింది.

మొన్న ఇస్నాపూర్ గదిలో ఒక ఒడియా కుర్రాడికి ఫోన్‌లో ఈ సినిమా పెట్టాను. తమిళం రాదు, తెలుగూ అంతంతే. లాకప్ సీను రాగానే చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు.