ఆ చివరి 'డు'

స్త్రీవేషం బాగా కట్టిన మగవాడికి మనమిచ్చే పెద్ద కితాబు ఒకటుంది: "అచ్చం ఆడదానిలా ఉన్నాడు." మెచ్చుకోలే గానీ, ఆ చివరి 'డు' చూడండి. లోపలున్నది మగాడేనని అందరికీ గ్యారంటీ ఇస్తుంది. ఆ గ్యారంటీ ఉన్నంతసేపే చప్పట్లు.

హలీమ్ ఖాన్ కూచిపూడి వీడియోలు చూస్తుంటే నాకు అడ్డం తగిలింది ఈ 'డు'నే. ఒంగోలు మనిషి, ముస్లిం, ఈ కాలంలో సత్యభామ వేషం కడుతున్నారు. ఆయన మీద నేను చదివిన కథనాల్లో మతం ముందుంటుంది, జెండర్ తర్వాత, నాట్యం ఆఖరున.

నిజానికి ఈ నేలకి స్త్రీవేషం కొత్తేం కాదు. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా, రోషనారాగా స్టేజీని ఏలారు. 1956లో పద్మశ్రీ. కృష్ణ దాటితే కూచిపూడి, అక్కడ వేదాంతం సత్యనారాయణ శర్మ, ఆయనకి 1970లో పద్మశ్రీ. మరి వేషానికి ఇంత గౌరవమిచ్చిన ఊళ్ళు మనిషికి ఎందుకివ్వలేదు?

హర్షిత మృత్తింటి కామత్ 2019లో రాసిన 'ఇంపర్సనేషన్స్' దీనికో జవాబిస్తుంది. కూచిపూడి అగ్రహారంలో స్త్రీవేషం బ్రాహ్మణ మగతనానికి ముప్పు కాదు, దానికో హోదా. ఇటు కలాపాలే ఆడిన కలావంతుల స్త్రీలకి మాత్రం 1947 మద్రాసు దేవదాసీ చట్టం తర్వాత బహిరంగంగా ఆడే దారి మూసుకుపోతూ వచ్చింది. చీర కట్టిన మగవాడు కళాకారుడు, ఆడిన ఆడది 'భోగందది'. లేబుల్ అతికించేది ఒంటిని చూసి కాదు, ఇంటిపేరు చూసి.

హలీమ్ ఖాన్‌కి ఆ ఇంటిపేరు లేదు. అందుకే ఆయన జడ ముందుకేసుకుని నిలబడితే వేరే అర్థం వస్తుంది. భామాకలాపంలో జడ అంటే సవాలు కదా, నన్ను ఓడించగలిగితే కోసుకోమని.

అయినా నాకో పేచీ ఉంది. ఆ అలక, ఆ వయ్యారం, ఆ విరహం ఎవరివి? తరాలుగా మగవాళ్ళు కూర్చిన ఆడతనం అది. వెంపటి చినసత్యం శిష్యురాళ్ళు నేర్చుకున్నదీ చాలావరకు దాన్నే. మా గుంటూరు వైపు మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ళ నడక, ఆ గొంతు, ఈ 'అచ్చం ఆడది'లో ఎక్కడా కనబడవు. హలీమ్ ఖాన్ ఈ గీత దాటరు. ఇంకా అందంగా దిద్దుతారు, అంతే.

మా ఇంజనీరింగ్ హాస్టల్‌డేకి ఒకడు చీర కట్టి డాన్స్ చేస్తే విజిల్స్ ఆగలేదు. ఏడాది పొడుగునా అదే నడక నడిచే ఇంకో కుర్రాణ్ణి మాత్రం 'తేడా' అనేవాళ్ళం. రెండు చోట్లా నేనున్నాను.

భామాకలాపంలోనే ఇంకో పాత్ర ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సూత్రధారుడు సత్యభామ దగ్గర చెలికత్తె మాధవి, కృష్ణుడి దగ్గర చెలికాడు మాధవుడు. చీర మార్చడు, జడ పెట్టడు, పిలిచినవాళ్ళని బట్టి అదీ ఇదీ అవుతాడు (చూశారా, నాకూ 'డు' తప్పలేదు). హలీమ్ ఖాన్ ఎప్పుడైనా సత్యభామని పక్కనపెట్టి ఆ పాత్ర వేస్తే టికెట్ కొనుక్కుని వెళ్ళి చూస్తాను.