డి.వి.డి. యంత్రముపై తీర్పులు

విశాఖపట్నములో డి.వి.డి. యంత్రము గల ఇండ్లు ఇప్పటికిని కొన్ని కలవు. అడిగినచో ఒకరు “బొమ్మ అద్దమువలె ఉన్నది” అందురు. అదే నమూనా కొన్న మరియొకరు “బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుచున్నది” అందురు. ఇద్దరును కన్నదే చెప్పుచున్నారు. కాని ఆ తీర్పు దేనిపైన?

మొదట బిళ్ళను చూడుడు. ఒక పొర గల బిళ్ళపై 470 కోట్ల బైట్లు, అనగా 3,760 కోట్ల బిట్లు పట్టును. రెండున్నర గంటల చిత్రము ఒక్కటే ఉన్నచో సెకనుకు సుమారు 42 లక్షల బిట్లు లభించును. మూడు చిత్రములు కుక్కినచో లభించునవి 14 లక్షలే. ఇది పాత వి.సి.డి. స్థాయి. అప్పుడు గళ్ళు కనబడుట యంత్రదోషము కాదు.

తరువాత తీగ. పసుపు ప్లగ్గు గల ఒంటి తీగలో వెలుగు, రంగు సంకేతములు కలిసి పోవును. టెలివిజన్ వాటిని మరల విడదీయవలెను. అంచులవద్ద రంగు చెదరుట ఇందువలననే. సముద్రపు ఉప్పుగాలికి ప్లగ్గులు చిలుము పట్టినచో ధ్వనిలో గరగర పుట్టును. ధ్వని పలుచబడుటకు తరచు టెలివిజన్‌లోని చిన్న స్పీకరే కారణము.

శుభ్రమైన బిళ్ళలు సైతము మాటిమాటికి ఆగుచున్నచో యంత్రమును అనుమానింపవచ్చును.

కావున అభిప్రాయము చెప్పువారు బిళ్ళ, తీగ, టెలివిజన్ ఎట్టివో కూడ చెప్పవలెను. విద్యార్థులు ఒకే బిళ్ళను, ఒకే తీగతో, ఒకే టెలివిజన్‌పై రెండు యంత్రములలో ఆడించి పోల్చవచ్చును. ఒకసారికి ఒక్కటే మార్చవలెనను ప్రయోగశాల నియమమును మరచినచో, మంచి యంత్రమును పారవేసి క్రొత్తది కొన్నను పాత లోపము ఇంటిలోనే ఉండును.