'న్యూటన్' సినిమాలో మన ఓటు

అమిత్ మసూర్కర్ తీసిన హిందీ సినిమా 'న్యూటన్' (2017) మన గోండు చుట్టాలుండే దండకారణ్యం కథ. ఛత్తీస్‌గఢ్ అడవిలో 76 మంది ఓటర్లకు పోలింగ్ పెడతారు. విదేశీ విలేకరి వస్తున్నారని తెలిశాకే బలగాలు జనాన్ని తోలుకొస్తాయి. పోటీలో ఉన్నదెవరో ఆ జనానికి తెలియదు. ఈ అవమానాన్ని సినిమా దాచలేదు, అందుకు మెచ్చుకుంటాం.

అయితే ఆ 76 మందిలో ఎందరి పేర్లు మనకు గుర్తుంటాయి? కథంతా అధికారి నిజాయితీ చుట్టూనే తిరిగింది. గోండి తెలిసిన టీచరమ్మ, బీఎల్‌వో మల్కో రెండు వైపులా అర్థమైన మనిషి. ఆమెకు ఇంకా చోటు దక్కాల్సింది.

మనలోనూ బీఎల్‌వో పని చేసే టీచర్లున్నారు. 18 నిండినవాళ్లతో ఫారం 6 నింపించి ఊరుకుంటే చాలదు. అభ్యర్థులెవరో, ఏమంటున్నారో మన భాషలో చెప్పుకోవాలి. ఈ సినిమా చూసిన పిల్లల్ని ఒకటి అడుగుదాం: ఆ ఊరివాళ్లు నోరు విప్పితే ముందు ఏమడిగేవారు?