పురిటింటికి పాత బట్ట

పురిటింటికి ముందుగా చేరాల్సింది మెత్తటి పాత నూలు బట్ట అని మా అమ్మ తరం గట్టిగా నమ్మింది. బారసాల దాకా బిడ్డకు కొత్త బట్ట వేయని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆచారం మాట పక్కన పెట్టినా, బట్ట విషయంలో వాళ్ల లెక్క సరైనదే. మగ్గం మీద పడుగు తెగకుండా పట్టించిన గంజి, మిల్లులో ముడతలు పడకుండా వేసిన రసాయనాలు కొత్త బట్టను అంటిపెట్టుకుని ఉంటాయి. ఏళ్ల తరబడి ఉతికిన నూలు అవన్నీ వదిలించుకుని, పోగు విచ్చుకుని, తడిని చప్పున పీల్చేస్తుంది. పుట్టిన బిడ్డ ఒంటికి కావాల్సింది ఆ గుణమే.

పాత బట్ట వేయడం ఒకప్పుడు లేమి వల్ల కూడా జరిగింది. అందుకే ఈ కాలం తల్లులకు అది నామోషీగా తోస్తుంది. ఇప్పుడు పేదింటి బాలింతకూ కొత్త బట్టలు అందుతున్నాయి. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో బిడ్డ బట్టలు, దోమతెర కూడా పెట్టారు. అది చూసి నా మనసు నిండింది. కొనలేక కాకుండా, మంచిదని ఎంచుకుని పాత బట్ట వేసే వీలు ఇప్పుడే వచ్చింది.

నన్నడిగితే అన్నిటికన్నా మేలైనవి పిల్లలకు పొట్టైపోయిన బట్టలు. పెద్దవాళ్ల బట్ట చిరిగాకే మూలన పడుతుంది. పిల్లల బట్ట బాగుండగానే పడుతుంది. పుట్టినప్పుడు 50 సెంటీమీటర్లుండే బిడ్డ ఏడాదికి 75 దాకా సాగుతుంది, బరువు మూడింతలవుతుంది. ఆ తర్వాత కూడా ఎదుగుదల ఆగదు కదా. మా పెద్ద మనవరాలి నూలు పరికిణీకి అడుగున మడతలు వేసి కుట్టి, తను ఎదిగేకొద్దీ ఒక్కొక్కటే విప్పుతూ వచ్చాను. విప్పిన చోటల్లా ఎండ తగలని గీత ముదురు రంగులో నిలిచిపోయింది. ఆ బట్టలోంచి బిడ్డకు జుబ్బా కత్తిరించేటప్పుడు ఆ గీత సరిగ్గా కింది అంచుకు వచ్చేలా చూసుకుంటాను. అంతకు మించిన బోర్డరు నాకే కొట్లోనూ దొరకలేదు. మగవాళ్ల చొక్కాలైతే కాలరు, ముంజేతి పట్టీలు, మోచేతులు నలిగిపోయినా వీపు ముక్క గట్టిగానే ఉంటుంది.

కత్తెర పట్టే ముందు బట్టను కిటికీ వెలుతురుకు ఎత్తి చూడాలి. పలచబడిన చోట్లు అప్పుడే బయటపడతాయి. పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి బొటనవేళ్లతో లాగాలి. పిగిలితే నాప్‌కిన్‌కు వాడుకోవచ్చు, జుబ్బాకు పనికిరాదు. నూలో కాదో అనుమానమొస్తే ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి నల్లగా గట్టిపడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. బీరువాలో కలరా ఉండల మధ్య ఉన్న బట్ట బిడ్డకు వద్దు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లల్లో ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, కామెర్లు ముదురుతాయి. బట్టకు పట్టిన ఉండల వల్లే ఇలా అయిన పసివాళ్లను వైద్యులు చూశారు. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో మనకు ముందుగా తెలియదు. అమ్మమ్మ చీరే కావచ్చు, ఎంతో అపురూపమైనదే కావచ్చు, ఆ వాసన ఉంటే పక్కన పెట్టేయండి.

ఇక జుబ్బా. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత 34 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఛాతీ దానికన్నా ఓ రెండు సెంటీమీటర్లు తక్కువే. తలమీదుగా తొడిగే చొక్కా ఆ వయసుకు ఎందుకు కుదరదో ఈ కొలతలే చెబుతాయి. తలకు సరిపోయే మెడ తీస్తే భుజం మీంచి జారిపోతుంది, భుజానికి తీస్తే తల పట్టదు. మన పాతకాలపు జుబ్బా పూర్తిగా విప్పుకుని, బిడ్డ చేతులు దూర్చి, కట్టేసేది. ముడి వీపున వేసే అలవాటు మాత్రం నాకు నచ్చదు. రోజంతా వెల్లకిలా పడుకునే బిడ్డకు అది ఒత్తుకుంటుంది. ఒక పక్క మీద ఇంకో పక్క వచ్చేలా ముందు తెరిచి, ముడి పక్కకు వేస్తాను. తాళ్లు ముడికి సరిపోయేంత పొట్టిగా ఉండాలి, మెడ దగ్గర అసలు ఉండకూడదు. బొత్తాలు ఊడితే నోట్లోకి పోతాయి కాబట్టి వాటి జోలికీ పోను.

నా ప్రాణమంతా కుట్టు మీదే. పాత బట్టకు 11 నంబరు సూది, నూలు దారం వాడతాను. పాలిస్టర్ దారం బట్టకన్నా గట్టిది, లాగినప్పుడు బట్టనే కోస్తుంది. కుట్టు మరీ సన్నగా పెడితే సూది పోట్లు దగ్గర దగ్గరగా పడి అక్కడే చిరుగుతుంది. ముందు రెండు ముక్కల మంచి వైపులు బయటికి ఉంచి అంచుకు దగ్గరగా కుట్టి, పీచు కత్తిరించి, తిప్పి లోపల్నుంచి మళ్లీ కుడతాను. దర్జీలు ఫ్రెంచ్ సీమ్ అనేది దీన్నే. పీచంతా లోపల మూసుకుపోతుంది. వదులు దారం పసివేళ్లకు చుట్టుకుంటే రక్తం ఆగి వేలు వాచిపోతుంది, అందుకే ఈ శ్రమ. బట్ట కాస్త మందమైతే ఈ కుట్టు గట్టుకట్టి ఒరుసుకుంటుంది. అప్పుడు కుట్టు మొత్తం బయటి వైపుకే తీసి, మీద ఐమూల పట్టీ వేస్తాను. చూసినవాళ్లు తిరగేసి తొడిగారేమో అనుకుంటే అనుకోనీ, లోపల చర్మానికి తగిలేది నున్నగా ఉంది.

పొట్టైపోయిన బట్టకు ఒక యజమాని ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. తమ్ముడు పుట్టబోతున్నాడో చెల్లి పుట్టబోతోందో అని ఎదురుచూస్తున్న పిల్లను అడక్కుండా తన గౌను మీద కత్తెర వేయడం అన్యాయం. పరికిణీ ఇచ్చేయడానికి మా పెద్దది వెంటనే ఒప్పుకుంది. పచ్చ గౌను దగ్గర మాత్రం చాలాసేపు ఆలోచించి, "అమ్మమ్మా, జేబు కత్తిరించొద్దు, అది నాది" అంది. జేబు ఉన్న ముక్క విడిగా తీసి దాని చేతికిచ్చాను. మిగిలిన బట్టలో జుబ్బా ఎడమ చెయ్యికి చాలలేదు. దానికి పరికిణీ ముక్క అతుకు వేశాను.